హెస్టర్ అడిగిన తొమ్మిది రోజులు

డార్విన్,
14 అక్టోబర్ 1996

ఒరేయ్ క్లెం,

ఈ అక్షరాలు చూసి ఎవరో అనుకుంటావేమో, నేనే. చెప్తున్నది నేను, రాస్తున్నది పక్కింటి డల్సీ. ముప్పై ఏళ్ళు మా బడి క్యాంటీన్లో సాండ్‌విచ్‌లు చుట్టిన చేయి. అక్షరాలు కూడా అలాగే చుట్టేస్తుంది, విప్పుకుని చదువుకో. (నా అక్షరం బాగానే ఉంటుంది సార్. - డల్సీ)

ఈస్టర్‌కి ఫోన్ చేసినప్పుడు కుడిచేయి పట్టేసిందన్నాను. పట్టేయలేదు, పోయింది. ఎడమది కూడా సగం పోయింది. నరాల జబ్బు. ఒక్కో నరమే పని మానేస్తుంది, ముందు చేతులు, తర్వాత కాళ్ళు, తర్వాత మాట, తర్వాత మింగడం, చివరికి ఊపిరి. మెదడు మాత్రం చివరి నిమిషం దాకా చక్కగా ఉంటుందని డాక్టర్ శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. నా భయమంతా దాని గురించే.

ఫోన్ చేయకు. నా మాట ఇప్పుడు పొద్దున్నే పబ్బులో కూర్చున్నవాళ్ళ మాటలా ఉంది. డల్సీకి తప్ప ఎవరికీ అర్థం కాదు.

జులై నుంచి మా టెరిటరీలో చట్టం వచ్చిన సంగతి నీకు తెలుసు. ఇక బతికే దారి లేని మనిషి, తన బాధ తాను భరించలేనంటే, డాక్టర్ని ముగింపు అడగొచ్చు. ముగ్గురు డాక్టర్లు సంతకం చేయాలి. నేను అడుగుతున్నాను. ఊపిరాడక గిలగిల కొట్టుకుంటూ పోవడం నాకిష్టం లేదు. ఆరువందల మంది పిల్లలున్న బడిని నడిపినదాన్ని, నా చావు నేను నడుపుకోలేనా?

మాది రాష్ట్రం కాదు, టెరిటరీ కదా, మా చట్టాన్ని రద్దు చేయడానికి కాన్‌బెర్రాలో మీ పార్లమెంటులో ఎవరో బిల్లు పెట్టారట. నువ్వేమంటావో తెలుసుకోవడానికి ఈ ఉత్తరం రాయలేదు.

అబద్ధం. అందుకే రాశాను.

మీ అక్క,
హెస్టర్

---

కాన్‌బెర్రా,
3 నవంబర్ 1996

అక్కా,

నీ ఉత్తరం నాలుగు రోజుల నుంచి కోటు జేబులోనే ఉంది. తీస్తున్నాను, చదువుతున్నాను, మళ్ళీ పెట్టుకుంటున్నాను. నీ మరదలు నోరీన్‌కి ఫోన్లో చెబితే వెంటనే నిన్ను ఇంటికి తీసుకురమ్మంది.

ఎందుకు దాచావక్కా? ఈస్టర్ నుంచి ఒక్కదానివీ మోస్తున్నావా ఇదంతా? అడిలైడ్‌లో ఈ జబ్బుకి మంచి డాక్టర్లున్నారు, నేను కనుక్కున్నాను. పొలంలో మన పాత గది ఖాళీగా ఉంది, కిటికీ తీస్తే గోధుమ చేలన్నీ కనిపిస్తాయి. నోరీన్ అన్నీ చూసుకుంటానంటోంది. నువ్వు ఊ అంటే వచ్చి తీసుకొస్తాను.

ఈ ఏడు పంట బాగుంది. గింజ బరువుకి కంకులు వంగిపోతున్నాయి. పై వారం కోత మొదలవుతుంది, సభ ఉండటం వల్ల నేను వెళ్ళలేను.

బిల్లు సంగతి అడిగావు. అది ఇంకా కింది సభలోనే ఉంది. మా సెనేట్ దాకా వస్తుందో రాదో. వచ్చినప్పుడు చూద్దాం. ఇప్పుడు నీ మనసు దాని మీద పెట్టకు, నీ ఒంటి మీద పెట్టు.

డల్సీ గారికి నా నమస్కారాలు. ఆమె అక్షరం నాకు బాగానే అర్థమైంది.

నీ తమ్ముడు,
క్లెం

---

డార్విన్,
15 డిసెంబర్ 1996

సెనేటర్ క్లెమెంట్ ట్రెగెన్జా గారికి,

అవును, గారు అనే రాయమన్నాను డల్సీని. తమ్ముడికి రాయాల్సిన ఉత్తరం కాదిది.

నిన్న డల్సీ చేపలు చుట్టించుకొచ్చిన కాగితం విప్పితే నీ ఫోటో. ఏదో చర్చి హాల్లో నిలబడి వేలెత్తి మాట్లాడుతున్నావు. సెప్టెంబర్ నుంచి పదకొండు ఊళ్ళు తిరిగావట, ఆ బిల్లుకి మద్దతుగా. కింది సభలో అది నెగ్గేసింది కూడా. సెనేట్‌లో దాన్ని మోసేవాళ్ళలో ముందు పేరు నీదేనట. అంటే 'వచ్చినప్పుడు చూద్దాం' అని నాకు రాసిన రోజుకే నువ్వు ఆరో ఏడో ఊళ్ళలో చప్పట్లు కొట్టించుకుని వచ్చావు. నాకు మాత్రం గోధుమ కంకుల కబుర్లు!

మీ పార్టీలో చేరింది మన ఇంట్లో నువ్వొక్కడివే. నాన్న నవ్వేవాడు, నేను తిట్టేదాన్ని. పన్నులు తగ్గించాలన్నావు, తిట్టాను. మనుషులందరికీ గుర్తింపు కార్డు వద్దన్నావు, అప్పుడు మాత్రం లోపల్లోపల మెచ్చుకున్నాను, నీకు చెప్పలేదు. నది మీద ఆనకట్ట సంగతి ఆ రాష్ట్రంవాళ్ళే తేల్చుకోవాలని నీ సొంత మంత్రితో కొట్లాడావు. ఒప్పుకోకపోయినా, మా తమ్ముడు ఒక మాట మీద నిలబడే మనిషి అని స్టాఫ్ రూములో అందరితో అనేదాన్ని.

నీ మొదటి ప్రసంగం నాకు పంపావు గుర్తుందా? పదహారేళ్ళ కిందట. డల్సీ చేత పెట్టె వెతికించి తీయించాను. 'తన గడప దగ్గరి సంగతి తేల్చుకోవడం ఆ గడపవాడికే తెలుస్తుంది. కాన్‌బెర్రా వచ్చి చెప్పక్కర్లేదు.' ఇవి నీ మాటలే. మా టెరిటరీ ఒక గడప కాదా? నా మంచం నా గడప కాదా?

ఇద్దరు డాక్టర్లు సంతకం చేశారు. మూడోది నరాల స్పెషలిస్టుది కావాలి. ఇక్కడున్నవాళ్ళు భయపడుతున్నారు.

నాకు జవాబు కావాలి, పంట కబుర్లు కాదు.

హెస్టర్

(సార్, ఇది చెప్పడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. మధ్యమధ్యలో దగ్గు. - డల్సీ)

---

కడీనా దగ్గర, పొలం నుంచి
9 జనవరి 1997

అక్కా,

దాచాను. నువ్వన్నది నిజం. సిగ్గుపడుతున్నాను. నీ ఉత్తరం వచ్చేసరికే నేను మాట ఇచ్చేశాను. ఆ సంగతి నీకు రాయడానికి చేయి రాలేదు.

ఇప్పుడైనా సరిగ్గా చెప్తాను.

మా పాప ఫిలిప్పా పుట్టినప్పుడు నువ్వు డార్విన్లో ఉన్నావు, నీకు అంతా తెలియదు. పుట్టిన మూడో రోజు ఒక డాక్టర్ నన్ను పక్కకి పిలిచాడు. మంచి మనిషే, మెల్లగానే మాట్లాడాడు. 'మిస్టర్ ట్రెగెన్జా, ఈ బిడ్డ నడవదు, మాట్లాడదు. జలుబు చేసినా మందు వేయకుండా ఊరుకుంటే అందరికీ మంచిది. మీరు చిన్నవాళ్ళు, ఇంకా పిల్లలు పుడతారు' అన్నాడు. నేను వాణ్ణి కొట్టలేదు. అంతకంటే ఘోరం చేశాను. ఒక పూటంతా ఆ మాట గురించి ఆలోచించాను. నోరీన్‌కి ఈ సంగతి ఇప్పటికీ తెలియదు.

ఆ పిల్ల తొమ్మిదేళ్ళు బతికింది. నేను ట్రాక్టర్ దిగి వస్తుంటే ఆ చప్పుడుకి నవ్వేది. ఏ ప్రాణం చాలు, ఏ ప్రాణం చాలదు అని తూచే తక్కెడ ఎవరి చేతిలోనూ పెట్టకూడదని ఆ నవ్వు చూసి నిశ్చయించుకున్నాను. నేను రాజకీయాల్లోకి వచ్చింది పన్నుల కోసమని అందరూ అనుకుంటారు. కాదక్కా.

నువ్వు వేరు, నీ తెలివి నీకుంది, నీ అంతట నువ్వు అడుగుతున్నావు అంటావు. నిజమే. కానీ చట్టం నీ ఒక్కదాని కోసం ఉండదు. రేపు ఎవరికో తాను ఇంట్లోవాళ్ళకి బరువైపోయానని అనిపిస్తుంది. ఎవరూ ఏమీ అనరు, ఊరికే ఒక చూపు చూస్తారు. ఆ ముసలావిడ అడుగుతుంది. అది ఆవిడ కోరిక అని అందరం రాసుకుంటాం.

గడప గురించి నా మాట నాకే అప్పజెప్పావు. నేను నమ్మినవి రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చాయి, ఒకదాన్ని తొక్కాలి.

ఒప్పుకోకు. కానీ నన్ను గారు అని పిలవకు.

క్లెం

---

డార్విన్,
20 ఫిబ్రవరి 1997

క్లెం,

ఫిలిప్పా సంగతి చదివి డల్సీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఏడిస్తే నాకు ఊపిరి అడ్డుపడుతుంది, ఇక అలాంటివి రాయకు.

వాదించడానికి ఓపిక లేదు. నువ్వు నీ కూతురి కోసం మాట్లాడుతున్నావు. ఆ పిల్ల బతకాలనుకుంది. నేను వద్దనుకుంటున్నాను. మా ఇద్దరిలో ఎవరి నోటా నీ మాట పెట్టకు.

ఒంటి సంగతి. వాన ఆగడం లేదు, గోడలకి బూజు. కాళ్ళు పోయాయి. నీళ్ళు తాగలేను, పిండి కలిపి జావ చేసి చెంచాతో పోస్తుంది డల్సీ. మొన్న మంగళవారం అరటిపండు ముద్ద అడ్డుపడింది. ఎంతసేపో తెలియదు. డల్సీ నన్ను బోర్లా తిప్పి వీపు మీద గుద్దింది. నాకు అంతా తెలుస్తూనే ఉంది, ఫ్యాను తిరగడం, డల్సీ దేవుణ్ణి బూతులు తిట్టడం. (తిట్టాను. - డల్సీ) క్లెం, ఆ భయం ఎలాంటిదో చెప్పడానికి మాటలు నేర్పిన టీచర్నే అయినా నాకు మాటలు లేవు. మళ్ళీ వస్తుందని తెలిసి రోజూ చెంచా కోసం నోరు తెరవాలి.

ఇక్కడి స్పెషలిస్టులు ముగ్గురూ కుదరదన్నారు. ఒకాయన నా ముఖం చూడకుండా కిటికీతో చెప్పాడు. చివరికి బ్రిస్బేన్‌లో ఒకాయన ఒప్పుకున్నాడు. ఏప్రిల్ రెండున విమానంలో వస్తాడు. అంతకుముందు ఆయనకి వీలు కాదు, ఎంత బతిమాలినా కాదు.

మీ ఓటు మార్చి ఇరవై నాలుగున అంటున్నారు.

తొమ్మిది రోజులు క్లెం. నీ నమ్మకం మార్చుకోమనడం లేదు. రద్దు చేసుకోండి, పండగ చేసుకోండి. తొమ్మిది రోజులు ఆపు. మీరు బడ్జెట్ మీద మూడు వారాలు సాగదీస్తారు, ఒక కామా మీద రెండు రోజులు కొట్టుకుంటారు. నీకు ఆ సభలో పదహారేళ్ళ పరపతి ఉంది. దాన్ని నా కోసం ఒక్కసారి వాడు.

నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అమ్మ పోయాక నీ చొక్కాలు నేనే ఉతికాను, లెక్కలు నేనే నేర్పాను. అది గుర్తు చేసి అడిగేంత కిందికి దిగాను చూడు.

అడుగుతున్నాను.

హెస్టర్

---

కాన్‌బెర్రా,
12 మార్చి 1997

అక్కా,

అడిగాను.

మా పార్టీ పెద్దలు ముగ్గురి దగ్గరికి విడివిడిగా వెళ్ళాను. చర్చ ఏప్రిల్ నెలాఖరుకి జరపమన్నాను. 'ఎందుకు క్లెం, ఓట్లు తగ్గుతాయని భయమా?' అన్నారు మొదటాయన. కాదన్నాను. 'మరి కారణం చెప్పు' అన్నారు. చెప్పలేదు. నీ పేరు పేపర్లో వస్తుందేమోనని ఒక కారణం. రెండోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. చెబితే, అక్క చావడానికి నేనే వ్యవధి అడుగుతున్నానని నా నోటితో నేనే వినాల్సి వచ్చేది.

మూడో ఆయన తలుపు వేసి, 'నువ్వే ఊరూరా తిరిగి దీన్ని నిలబెట్టావు, ఇప్పుడు నువ్వే జారుకుంటున్నావా? ఇలా అయితే వచ్చే ఎన్నికల అభ్యర్థుల జాబితాలో నీ పేరు ఎక్కడుంటుందో ఆలోచించుకో' అన్నారు. ఆలోచించుకుంటానన్నాను.

తేదీ మారదు.

ఇంకొక్క మాట, నిజమే రాస్తానని అనుకున్నాను కాబట్టి. వాళ్ళు కాదన్నప్పుడు నాకు కాస్త తేలికగా అనిపించింది. నా చేతిలో లేదు కదా అనుకున్నాను. కారు దాకా నడిచి, కారులో కూర్చుని, స్టీరింగ్‌కి తల ఆనించుకున్నాను. తేలికదనం ఎక్కువసేపు ఉండలేదు.

నా ఓటు మాత్రం నేను మార్చలేను.

క్లెం

---

కాన్‌బెర్రా,
25 మార్చి 1997

అక్కా,

అయిపోయింది. బిల్లు నెగ్గింది. ఐదు ఓట్ల తేడా.

మా సభలో చేతులెత్తడం ఉండదు. గంట మోగుతుంది, తలుపులు మూస్తారు, అవునన్నవాళ్ళు సభాపతికి కుడి వైపు, కాదన్నవాళ్ళు ఎడమ వైపు వెళ్ళి కూర్చోవాలి. నేను కుడి వైపు నడిచాను. ఇరవై అడుగులు ఉంటాయేమో. కాళ్ళు నడుస్తున్నాయని నాకు తెలియడం అదే మొదటిసారి, నీ కాళ్ళు గుర్తొచ్చాయి.

నేను అటు కూర్చున్నా ఇటు కూర్చున్నా ఫలితం మారేది కాదు. ఇది చెప్పుకుంటే నాకు ఉపయోగం, నీకు లేదు.

క్లెం

---

డార్విన్,
4 ఏప్రిల్ 1997

క్లెం,

బ్రిస్బేన్ డాక్టర్ రాలేదు. ఎందుకు వస్తాడు? చట్టమే లేదు కదా. మర్యాదగా కార్డు పంపాడు, దాని మీద పూలున్నాయి.

లెక్కలు నేర్పింది నేనే, నాకు లెక్క చెప్పకు. ఐదు ఓట్లో యాభై ఓట్లో, అందులో ఒకటి మా తమ్ముడిది.

నీ ప్రసంగం రేడియోలో మొత్తం విన్నాను. బాగా మాట్లాడావు. గొంతు ఎక్కడ తగ్గించాలో నీకు బాగా తెలుసు. 'మనిషికి కావలసింది ముగింపు కాదు, చేయి. మంచి సంరక్షణ ఉంటే ఏ బాధనైనా భరించగలిగేలా చేయొచ్చు' అన్నావు. చప్పట్లు కూడా వినబడ్డాయి.

అలాగే. ఆ చేయి ఎవరిదో మాత్రం చెప్పలేదు. ఇక్కడ ఉన్న చేతులు రెండే, రెండూ డల్సీవి. ఆమెకి అరవై తొమ్మిది, నడుం నొప్పి. తెల్లారి లేచి నన్ను తుడుస్తుంది, తిప్పుతుంది, గొంతులో కళ్ళె గొట్టంతో లాగుతుంది. భరించగలిగేలా చేసే ఆ సంరక్షణ ఎలా ఉంటుందో నీకు తెలియదు. నువ్వు చూడలేదు.

హెస్టర్

---

అడిలైడ్,
11 ఏప్రిల్ 1997

అక్కా,

సభ నుంచి సెలవు పెట్టాను. ఎన్ని రోజులని అడిగారు, తెలియదన్నాను.

సోమవారం మధ్యాహ్నం విమానం. డల్సీ గారూ, కళ్ళె లాగే ఆ గొట్టం ఎలా వాడాలో నాకు నేర్పాలి. ట్రాక్టర్లు బాగుచేసిన చేతులు, నేర్చుకోగలను.

క్లెం

---

కాన్‌బెర్రా,
2 సెప్టెంబర్ 1997

డల్సీ గారికి,

మీ ఊరి నుంచి వచ్చి ఏడు వారాలైంది. ఇన్నాళ్ళూ రాయలేదు, మన్నించండి. మూడు నెలలు మంచానికి చెరోవైపు నిలబడ్డాం, ఇప్పుడు మీకు ఉత్తరం రాయడం కొత్తగా ఉంది.

జరిగింది చెప్తాను. ఆగస్టులో ఒక సంఘంవాళ్ళు వచ్చారు, మా బిల్లుకి అండగా నిలిచినవాళ్ళే. మర్యాదస్తులు. అక్క పోయిందని ఎవరి ద్వారానో విన్నారు. 'సెనేటర్, మీ అక్కగారు మీ చేతుల్లో ప్రశాంతంగా కన్నుమూశారట. మా వార్షిక విందులో ఆ నాలుగు మాటలు చెప్పండి. అలాంటి చట్టం అవసరం లేదని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?' అన్నారు.

'ప్రశాంతంగా పోలేదు' అన్నాను.

'అయినా మీరు పక్కన ఉన్నారు కదా' అంది వాళ్ళలో ఒకావిడ.

'ఉన్నాను. ఉండి చూశాను' అన్నాను. వాళ్ళు టీ తాగకుండానే లేచారు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం, మీరు మందుల కోసం వెళ్ళినప్పుడు, అక్క అక్షరాల అట్ట మీద కళ్ళతో ఒక్కో అక్షరం చూపించింది. మీకు చెప్పలేదు. 'చెప్పు' అని చూపించింది. ఏం చెప్పాలక్కా అన్నాను. 'ఉన్నది ఉన్నట్టు.' అంతే. ఓటు మార్చుకోమని అనలేదు, తప్పు ఒప్పుకోమనీ అనలేదు.

నిన్న సాయంత్రం చెప్పాను. సభ ముగిసే ముందు ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇస్తారు, ఏదైనా మాట్లాడొచ్చు. కుర్చీలన్నీ ఖాళీ, ఏడుగురున్నారు. కాగితం లేకుండా లేచాను. చెంచా గురించి చెప్పాను. గొట్టం గురించి చెప్పాను. ఆస్పత్రి నుంచి వచ్చే నర్సమ్మ మందు పెంచిందని, అక్క కొన్ని రోజులు హాయిగా నిద్రపోయిందని, పక్షుల్ని చూసి కళ్ళతో నవ్విందని, అదీ చెప్పాను, ఎందుకంటే అదీ నిజమే. ఆ తర్వాత చివరి పదకొండు రోజుల గురించి మొదలుపెట్టాను. మందు పనిచేయని రోజులు. ఆమె నా వైపు చూసిన చూపు. ఆ చూపు అడిగింది నాకు అర్థమైందనీ, నేను మంచం పక్కన మోకాళ్ళ మీద పడి కుదరదక్కా కుదరదక్కా అని ఏడ్చాననీ చెప్పాను. అక్కడికి 'సెనేటర్ గారి సమయం ముగిసింది' అన్నారు సభాపతి. కూర్చున్నాను.

వచ్చే ఎన్నికల జాబితాలో నా పేరు లేదు. పొద్దున ఫోన్ చేసి చెప్పారు. బాధ అనిపించలేదు.

ఇప్పుడు ఓటేయమంటే ఏం చేస్తానని ఒక విలేకరి అడిగాడు. ఫిలిప్పా కోసం కుడి వైపు నడవాలి, హెస్టర్ కోసం ఎడమ వైపు నడవాలి. తలుపులు మూసేశాక మధ్యలో నిలబడటానికి మా సభలో చోటు లేదు. అదే చెప్పాను. అతను రాసుకోలేదు.

ఒక్కటే నన్ను నిద్రపోనివ్వడం లేదు. అక్క నన్ను క్షమించిందా? మూడు నెలల్లో ఒక్కసారి కూడా అడగలేకపోయాను. మీకు ఏమైనా చెప్పిందా?

మీ,
క్లెమెంట్ ట్రెగెన్జా

---

డార్విన్,
19 సెప్టెంబర్ 1997

సెనేటర్ గారికి,

ఇది నా సొంత ఉత్తరం. ఎవరూ చెప్పకుండా నేనే రాసుకుంటున్నాను, తప్పులుంటే దిద్దే టీచరమ్మ లేదు.

రేడియోలో విన్నాను. ఉన్నది ఉన్నట్టే చెప్పారు, ఒక్కటి తప్ప. పదకొండు కాదు సార్, పన్నెండు రోజులు. మీరు ఒక రోజంతా వరండాలో కుర్చీలో మొద్దులా నిద్రపోయారు, నేను లేపలేదు. ఆ రోజు మీ లెక్కలో లేదు.

మీ సమయం అయిపోయిందని ఆయన అనగానే రేడియో కట్టేశాను. మిగిలింది నేను చెప్పాను, వరండాలో నిలబడి, పైకి. రోడ్డు మీద పోయే ఒకాయన ఆగి, మీకేమైనా సాయం కావాలా అమ్మా అన్నాడు. వద్దు, సెనేట్ నడుస్తోంది అన్నాను.

ముందు నా సంగతి. ఆ ఓటుని నేను క్షమించలేదు. మూడు నెలలు మీరు ఆమె దుప్పట్లు ఉతికి ఆరేస్తుంటే చూశాను, జావ మీ చొక్కా మీద ఉమ్మితే మారు మాట లేకుండా మళ్ళీ చెంచా ఎత్తడం చూశాను. మీరు మంచివారు. అయినా క్షమించలేదు. రెండూ నాలో పక్కపక్కనే ఉన్నాయి, ఉండనివ్వండి.

ఇక ఆమె సంగతి. మీరు అడక్కపోతే ఇది నాతోనే పోయేది.

ఏప్రిల్ నాలుగో తారీకు ఉత్తరం గుర్తుందా? 'నీకు తెలియదు, నువ్వు చూడలేదు' అని ముగిసింది కదూ. ఆమె అక్కడ ముగించలేదు. ఆ తర్వాత ఇంకా చెప్పింది. మాట ముద్దముద్దగా వస్తోంది అప్పటికే, అయినా ఒక్కో మాట తేల్చి పలికింది. 'చూడ్డానికి రావద్దు. నువ్వు నా గడప తొక్కకు. నేను పోయాక కూడా రావద్దు.' రాశావా అని అడిగింది. రాశానన్నాను. రాయలేదు సార్. కలం కాగితం మీద ఊరికే ఆడించాను. ఇన్నేళ్ళ స్నేహంలో ఆమెకి నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. ఎందుకు చెప్పానో తెలుసా? మీ మీద జాలితో కాదు. నా నడుం విరిగిపోతోంది, నాకు ఇంకో రెండు చేతులు కావాలి.

మీరు వస్తున్నానని రాసిన ఉత్తరం ఆమెకి చదివి వినిపించలేదు. ఆ సోమవారం మీరు సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడ్డప్పుడు, ఆమె ఏం చేస్తుందోనని ముందు ఆమె ముఖమే చూశాను. మీరు స్నానానికి వెళ్ళారు. అప్పటికి ఆమెకి గొంతు పూర్తిగా పోయింది. అట్ట తెమ్మని కళ్ళతో సైగ చేసింది. తెచ్చాను. చాలాసేపు పట్టింది, మధ్యలో కన్నీళ్ళకి అక్షరాలు కనబడక ఆగింది. అవి కోపం కన్నీళ్ళనే అనుకున్నాను.

మొత్తం కూడబలుక్కుని చదివితే ఇదీ సార్, మీ అక్క చెప్పింది:

'అంత రావద్దన్నా వచ్చాడు చూశావా, మొండి వెధవ.'

- డల్సీ